ఐదో వరుస, నాలుగో అక్షరం

గుండెల నిండా గాలి పీల్చుకుని, మధ్యలో మళ్ళీ పీల్చకుండా, ఒకటి నుంచి ఎంతవరకు లెక్కపెట్టగలరో చూడండి అన్నారు డాక్టరుగారు. ఆసుపత్రిలో చేరిన సాయంత్రం 31 దాకా వెళ్ళాను. అర్ధరాత్రికి 24. తెల్లవారేసరికి 17. ఆ మధ్యాహ్నం 11 దగ్గర ఆగిపోయాను. పంతొమ్మిదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, పన్నెండు అనే మాట నోట్లోనే ఉండిపోయింది. ఇక ఆలస్యం చేయకూడదని ఊపిరి యంత్రం పెట్టారు.

దానికి రెండు వారాల ముందు ఇంట్లో అందరికీ కడుపు పాడైంది. అందరితోపాటు నాకూ తగ్గింది. పది రోజుల తర్వాత అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది. ఎక్కువసేపు నిలబడి పాఠం చెప్పినందుకే అనుకున్నాను. మూడో రోజు మెట్లు ఎక్కలేకపోయాను. నాలుగో రోజు దువ్వెన పట్టుకున్న చేయి తలదాకా లేవలేదు. మొదట చూసిన వైద్యుడు నీరసమని మందులు రాసి పంపారు. ఆయనను తప్పు పట్టను. లక్షమందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు ఇది. రెండో చోట మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు కదలలేదు. వెన్నులోంచి తీసిన నీటిలో ప్రొటీన్ ఎక్కువగా ఉంది, కణాలు మాత్రం పెరగలేదు. నరాల పరీక్ష కూడా చేశాక పేరు చెప్పారు: గిలియన్ బారే సిండ్రోమ్.

కడుపులో చేరిన సూక్ష్మజీవితో పోరాడటానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు అనే రక్షక పదార్థాలు, ఆ జీవి పైపొరకూ మన నరాలకూ ఉన్న పోలిక వల్ల పొరబడి నరాల మీదే దాడి చేస్తాయట. కాళ్ళలో మొదలై పైకి పాకుతుంది. ఈ జబ్బు వచ్చిన నలుగురైదుగురిలో ఒకరికి ఊపిరి కండరాలు కూడా పడిపోతాయి. నేను ఆ ఒకరిని.

అప్పటికి ఆరేళ్ళుగా ఒక బడికి ప్రధానోపాధ్యాయురాలిని. ఇరవై ఇద్దరు ఉపాధ్యాయులు. టైమ్‌టేబుల్ నేనే వేసేదాన్ని, ప్రశ్నపత్రాలు నేనే చూసేదాన్ని, బీరువాల తాళాల గుత్తి నా సంచిలోనే ఉండేది. నేను లేకపోతే ఏదీ కదలదని అందరూ అనేవారు. అది మెచ్చుకోలు అనుకునేదాన్ని. ఇంట్లోనూ అంతే. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, అబ్బాయికి తొమ్మిది. వాళ్ళ ముందు ఒక్కసారి కూడా కంటతడి పెట్టలేదు. అమ్మ భయపడితే పిల్లలకు ఇంకెవరున్నారు అన్నది నా వాదన.

యంత్రం మీద పదమూడు రోజులున్నాను. ఈ జబ్బులో మెదడుకు ఏమీ కాదు. అన్నీ వినబడతాయి, అన్నీ అర్థమవుతాయి. ముఖం కండరాలు కూడా పడిపోవడంతో రెప్పలు మూతపడేవి కావు. నర్సులు చుక్కలు వేసి, రాత్రిపూట పట్టీ అంటించేవారు. దుప్పటి తగిలినా కాళ్ళు మండేవి. ఆ మంటని ఎవరికీ చెప్పలేకపోవడం మంటకంటే పెద్ద బాధ. కనుగుడ్లు మాత్రం కదిలేవి.

మూడో రోజు మా అమ్మాయి ఒక అట్ట తెచ్చింది. దాని మీద అక్షరాలు వరుసలుగా రాసింది: క వరుస, చ వరుస, ట వరుస, అలా. గుణింతాలు వదిలేసింది. "నేను వరుస అడుగుతానమ్మా. సరైనది వస్తే కళ్ళు పైకెత్తు. తర్వాత అక్షరం అడుగుతాను" అంది. ఎవరూ చెప్పలేదు, తనే ఆలోచించింది. ఏం చెప్పాలి? మంట గురించా? నీళ్ళ గురించా? ఐదో వరుస దగ్గర కళ్ళు పైకెత్తాను. అందులో నాలుగో అక్షరం. తర్వాత ఆరో వరుస, మొదటి అక్షరం. భ, య.

"భయమా అమ్మా?"

కళ్ళు పైకెత్తాను. తను ఏడవలేదు. నా చేతి మీద తన చేయి ఆనీ ఆననట్టు పెట్టి, "నాకూనమ్మా" అంది. పదిహేనేళ్ళలో మేమిద్దరం అంత దగ్గరగా మాట్లాడుకున్నది లేదు.

ఐదు రోజులపాటు చేతి రక్తనాళంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కించారు. ఒంటి బరువులో కిలోకి రోజుకు 0.4 గ్రాముల లెక్కన. ఆ సీసాలో ఏముందని మా అత్తయ్య డాక్టరుగారిని అడిగారు. కనీసం వెయ్యిమంది దాతల రక్తంలోని ప్లాస్మా కలిపి తీసిన మందు అని ఆయన చెప్పారు. ఆ రోజు నుంచి అత్తయ్య ప్రార్థన మారిపోయింది. పక్కన కూర్చునే ఆ పావుగంటలో నన్ను బాగు చేయమని అడగడం తగ్గించి, ఎక్కడెక్కడో ఉన్న ఆ వేలమందిని చల్లగా చూడమని వేడుకునేవారు. వాళ్ళ పిల్లలనూ కలిపేవారు.

నేను మాత్రం మొదటి వారమంతా దేవుడితో పోట్లాడుతూనే ఉన్నాను. అంతకుముందు నా ప్రార్థన రోజూ దఖలు చేసే అర్జీలా ఉండేది: అబ్బాయి మార్కులు, బడి ఫలితాలు, ఇంటి అప్పు. ఇన్నేళ్ళు నియమం తప్పలేదు కదా, ఇదేనా బదులు అని లోపల అరిచేదాన్ని. జవాబు రాలేదు, ఇప్పటికీ రాలేదు. అయితే అత్తయ్య మాటలు విన్నాక, రాత్రి నిద్ర పట్టనప్పుడు, ముఖాలు తెలియని ఆ వేలమందిని ఊహించుకునేదాన్ని. ఒకరు సైకిలు తొక్కుతున్నట్టు, ఒకరు పసిబిడ్డను ఊపుతున్నట్టు. నాకోసం కానిది అడగడం అలా అలవాటైంది. నా కాళ్ళు లేచింది మందుతో, వ్యాయామంతో. ఆ మాట దాచను. ఆ రాత్రులు నేను ఒంటరిగా లేనన్నది కూడా అంతే నిజం.

గొట్టం తీసిన రోజు మళ్ళీ లెక్కపెట్టమన్నారు. 6. రెండు రోజులకు 9. తర్వాత 14. పన్నెండు దాటినప్పుడు మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు.

ఆఖరున పోయినవి ముందు వచ్చాయి, ముందు పోయినవి ఆఖరున. ఊపిరి, ముఖం, మెడ, భుజాలు, నడుము, చివరికి పాదాలు. నరం పై తొడుగు మాత్రమే దెబ్బతిన్న చోట త్వరగా బాగవుతుంది. లోపలి పోగు తెగిన చోట మళ్ళీ పెరగాలి, అదీ రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు. మంచం మీద పడుకుని లెక్కవేశాను. మోకాలి నుంచి కాలివేళ్ళ దాకా సుమారు 450 మిల్లీమీటర్లు. ఏడాది దాటిపోతుంది. లెక్క తెలిశాక తొందర తగ్గింది. ఫిజియోథెరపిస్టు రోజూ చెప్పే మాట ఒకటే: అలసిపోయేదాకా చేయవద్దు, దానికి ముందే ఆపండి. అన్నిటికంటే అదే కష్టమైంది నాకు. ఒకరోజు మొండిగా పది అడుగులు ఎక్కువ వేసి, మూడు రోజులు మంచం దిగలేకపోయాను.

నాలుగో నెలలో మా సీనియర్ టీచరు ఇంటికి వచ్చారు. పరీక్షల పనులు ఉపాధ్యాయులే కూర్చుని పంచుకున్నారని, నలుగురిలో నోరు విప్పని ఒకమ్మాయి ఉదయం అసెంబ్లీ నడుపుతోందని చెప్పారు. నాకు సంతోషం కలగలేదు. కడుపులో మంట పుట్టింది. ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఆ మంట దగ్గరే కూర్చున్నాను. ఆ అమ్మాయి అయిదేళ్ళుగా నా దగ్గరే పనిచేస్తోంది. తనకు మాట్లాడే అవకాశం నేనెప్పుడు ఇచ్చాను?

ఈ జబ్బును 1916లో ఇద్దరు సైనికులలో గమనించి రాసిన ఫ్రెంచి వైద్యులు ముగ్గురు. గిలియన్, బారే, స్ట్రోల్. నరాల స్పందనలు నమోదు చేసిన స్ట్రోల్ పేరు వాడుకలో జారిపోయింది. ఇది చదివిన రోజు, మా బడి వార్షిక నివేదికల్లో ఎంతమంది స్ట్రోల్‌లను వదిలేశానో కూర్చుని గుర్తుచేసుకున్నాను. పేర్లు రాసుకుంటే పదకొండు వచ్చాయి. ఒక్కొక్కరికీ ఫోను చేశాను. ఏం చెప్పాలో తెలియక కొందరి దగ్గర ఊరికే కృతజ్ఞతలు చెప్పి పెట్టేశాను.

ఎనిమిదో నెలలో చేతికర్రతో, మడమలకు పట్టీలతో, ఒక పూట మాత్రం బడికి వెళ్ళాను. సీనియర్ టీచరు తాళాల గుత్తి నా చేతిలో పెట్టారు. బీరువా తీయబోతే బొటనవేలికి బలం చాలక తాళంచెవి తిరగలేదు. ఆవిడే తిప్పారు. "మీ దగ్గరే ఉంచండి" అన్నాను. ఇప్పుడు వేళ్ళకు బలం వచ్చింది. గుత్తి ఇంకా ఆవిడ దగ్గరే ఉంది.

ఏడాది గడిచింది. ఎడమ పాదం ఇంకా కొంచెం ఈడుస్తుంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఒళ్ళు వాలిపోతుంది, పడుకుంటాను, ఎవరికీ సంజాయిషీ చెప్పను. రాత్రి అబ్బాయి నాతో ఊపిరి పందెం వేస్తాడు. నిన్న నాది 41.

అమ్మాయి ఆ అట్టను తన గది తలుపు వెనుక తగిలించుకుంది. పోయిన వారం, పబ్లిక్ పరీక్షల ముందు రాత్రి, నా మంచం దగ్గరకు వచ్చి ఏమీ మాట్లాడకుండా నిలబడింది. ఏమిటమ్మా అన్నాను. పెదవి కదపలేదు. కాసేపటికి అర్థమై, జరిగి చోటిచ్చి, అడగడం మొదలుపెట్టాను. మొదటి వరుసా? రెండోదా? మూడోదా? నాలుగోదా?

ఐదో వరుస దగ్గర కళ్ళు పైకెత్తింది.