టొంగాట్‌లో క్రిస్మస్ విందు

2022 డిసెంబరు రెండో వారంలో, దుబాయ్ మీదుగా దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దిగాం మా వారూ నేనూ. అక్కడ డిసెంబరంటే నడివేసవి. సముద్రపు గాలిలో ఉక్కపోత మన నెల్లూరు మే నెలను గుర్తు చేసింది. రోడ్డు పక్కన లీచీ పండ్ల గుత్తులు, మామిడికాయలు అమ్ముతున్నారు. దారికి రెండు వైపులా కొండలు, కొండల నిండా చెరకు.

ఆ చెరకు కోసమే మనవాళ్లని అక్కడికి తీసుకెళ్లారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షన్నర మందికి పైగా ఒప్పంద కూలీలుగా డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతానికి వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల మధ్య పని చేయడానికి 1903లో మా నెల్లూరు నుంచే జాన్ రంగయ్యగారు భార్యాపిల్లలతో ఓడెక్కారు. మిషనరీ అంటే దొర అనుకునే రోజుల్లో, తెలుగు బాప్టిస్టు సంఘాలే, అంటే ఇక్కడి చర్చిలే, చందాలు పోగు చేసి ఆయన్ని పంపించాయి. కియర్స్నీ తేయాకు తోటలో ఆయన సంఘం కట్టారు. 1915లో ఆ దేశంలోనే కన్నుమూశారు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆయన గురించి విన్న దగ్గర్నుంచీ ఆ ఊళ్లు చూడాలని నాకు కోరిక. నేను టీచర్‌గా రిటైరయ్యాక, అక్కడి సంఘం రమ్మంటే ఆరు వారాలకి ఒప్పుకున్నాం.

మేమున్నది డర్బన్‌కి ఉత్తరాన టొంగాట్‌లో. ఆ ఏప్రిల్‌లో వచ్చిన వరదలు నటాల్‌లో నాలుగు వందల మందికి పైగా ప్రాణాలు తీశాయి. టొంగాట్‌లో నీటిశుద్ధి కేంద్రం కొట్టుకుపోయి, నెలల తరబడి కుళాయిల్లో చుక్క రాలేదు. మేం వెళ్లేసరికి నీళ్లు వస్తున్నాయి. అయినా ఏ ఇంటికి వెళ్లినా వంటింట్లో, బాత్రూంలో, మంచం కింద కూడా నిండు డ్రమ్ములు. కొంతమందికైతే అసలు ఇళ్లే లేవు. వాగు అవతల రేకుల షెడ్లలో అక్కడి నల్లజాతి వాళ్లయిన జూలూల కుటుంబాలు ఉన్నాయి. రోజూ పొద్దున అక్కడికి నీళ్ల క్యాన్లు, అక్కడివాళ్లు తినే తెల్ల మొక్కజొన్న పిండి, చిక్కుడు గింజలు, నూనె, సబ్బులు చేర్చడం మా పని. మధ్యాహ్నం పిల్లలకి పాటలు, బైబిలు కథలు. మా వారి ఇంగ్లీషుని ఒక అబ్బాయి జూలూలోకి మార్చి చెప్పేవాడు. అక్కడ పలకరింపు ‘సావుబోనా’. మిమ్మల్ని చూస్తున్నాం అని అర్థమట. ఆ మాట నాకు చాలా నచ్చింది. ముసలమ్మల్ని ‘గోగో’ అంటారు. వారం తిరిగేసరికి నాకో పది మంది గోగోలు అలవాటయ్యారు.

మా సంఘంలో ఎక్కువమంది ఇంటిపేర్లు నాయుడూ రెడ్డీ. కానీ మాట్లాడేది ఇంగ్లీషే. మొదటి ఆదివారం ఎనభై రెండేళ్ల అవ్వ ఒకామె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ల నాయనమ్మ కియర్స్నీ తోటలో ఆకు కోసిన మనిషి. రంగయ్యగారి సంఘంలోనే బాప్తిస్మం తీసుకుందని ఇంట్లో చెప్పుకుంటారట. అవ్వకి తెలుగు రాదు. ఒక్క మాట మాత్రం డెబ్బై ఏళ్లుగా గుర్తు పెట్టుకుంది. దాని అర్థం చెప్పేవాళ్లు దొరకలేదు. ‘మా అవ్వ తల దువ్వుతూ నన్ను అలా పిలిచేది’ అని నెమ్మదిగా, కాస్త వంకరగా పలికింది.

బంగారుతల్లి.

అర్థం చెబుతుంటే నాకే గొంతు పూడుకుపోయింది. బంగారమంటే గోల్డ్, తల్లి అంటే అమ్మ, చిన్నపిల్లని కూడా ముద్దుగా తల్లీ అంటాం అని చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తెచ్చి, తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసిమ్మంది.

క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ రాత్రి కరెంటు పోయింది. లోడ్‌షెడ్డింగ్, అంటే కరెంటు కోత, అప్పట్లో అక్కడ రోజూ ఉండేదే, ఎవరూ కంగారు పడలేదు. సెల్‌ఫోన్ లైట్ల వెలుగులో వాగు దాటి వెళ్లాం. మేం ఇంగ్లీషులో ఎత్తుకున్న పాటని అవతలి వాళ్లు జూలూలో అందుకున్నారు, నాలుగు రకాల స్వరాలు కలిపి, ఏ వాయిద్యమూ లేకుండా. కోరస్ కోసం నెల రోజులు ప్రాక్టీసు చేసే సంఘాల నుంచి వచ్చినదాన్ని నేను. అలాంటి గానం ఎప్పుడూ వినలేదు.

ఇక క్రిస్మస్ విందు. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

అంతకు ఏడాదిన్నర ముందు, 2021 జూలైలో, ఆ ప్రాంతమంతా అల్లర్లు జరిగాయి. దగ్గరలో భారతీయులు ఎక్కువగా ఉండే ఫీనిక్స్‌లో ముప్పై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది నల్లజాతి వాళ్లు. భారతీయులకీ జూలూలకీ మధ్య ఆ గాయం అప్పటికింకా పచ్చిగానే ఉంది. సంఘంలో ఎవరూ ఆ మాట ఎత్తరు. విందు ఎలా జరగాలో మాట్లాడుకున్నప్పుడు మాత్రం బయటపడింది. ప్యాకెట్లు కట్టి గేటు దగ్గర లైన్‌లో ఇచ్చేద్దాం, ఏ టెన్షనూ ఉండదు అన్నారు కొందరు. వాళ్లది చెడ్డ మనసు కాదు, భయం.

నేను అతిథిని. నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేకపోయాను. మా ముత్తాతది ఒంగోలు దగ్గర మాదిగపల్లె. 1878 జూలైలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఆయన అమ్మానాన్నలు కూడా ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. మా నాయనమ్మ చిన్నతనంలో పెద్ద ఇళ్లలో పెళ్లయితే, బంతులన్నీ లేచాక వాకిలి బయట ఆకులో పోసేవారట. అన్నం బాగానే ఉండేదమ్మా, కూర్చోబెట్టి పెట్టలేదు అంతే, అనేది. చర్చిలో మొదటిసారి బంతిలో కూర్చున్న రోజు గురించి తొంభై ఏళ్ల వయసులో కూడా చెప్పేది. ఇదంతా ఆ మీటింగులో చెప్పాను. గేటు దగ్గర ఇచ్చే అన్నం నాకు తెలుసు, అది వద్దు అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. చివరికి అవ్వే అంది, ‘బల్లలు వేయండి. నా పక్కన గోగోని కూర్చోబెట్టండి.’

ఆ ఏడు క్రిస్మస్ ఆదివారం వచ్చింది. ముందు రాత్రి నుంచే కట్టెల పొయ్యి మీద బిర్యానీ. అక్కడి బిర్యానీలో ఆలుగడ్డలు, మసూరు గింజలు కూడా వేస్తారు, పక్కన పప్పుచారు లాంటిది పోస్తారు. మొదట వింతగా అనిపించినా, రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఆరాధన అయ్యాక బల్లలు వరసగా వేశాం. వాగు అవతలి వాళ్లు వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయారు. మా వారు వెళ్లి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. మొదటి పావుగంట చెంచాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత ఒక గోగో, కారం ఎక్కువైందని నాలుక బయటపెట్టి చూపించింది. పిల్లలు నవ్వారు. పక్కనున్న ఆంటీ పెరుగు తెచ్చి పోసింది. అక్కడి నుంచి మాటలు మొదలయ్యాయి. రెండో బంతికి జూలూ ఆడవాళ్లే కొంగులు బిగించినట్టు తువ్వాళ్లు నడుముకి చుట్టుకుని వడ్డించారు.

గిన్నెలు తోముతుంటే, తర్జుమా చేసే అబ్బాయి నన్ను అడిగాడు. ‘మీరు జనవరిలో వెళ్లిపోతారు. తర్వాత కూడా వీళ్లు బల్లలు వేస్తారా?’ వేస్తారని నేను మాట ఇవ్వలేను. ప్రార్థన చేస్తానని చెప్పాను. నువ్వు వాళ్లని అడుగుతూ ఉండు అని కూడా చెప్పాను.

27న సెలవు. అవ్వని కూడా తీసుకుని కియర్స్నీ వెళ్లాం. తేయాకు ఎప్పుడో పోయింది, అక్కడా చెరకే. వాళ్ల నాయనమ్మ ఉన్న కూలీల లైను ఇళ్లు ఎటువైపు ఉండేవో చెప్పేవాళ్లు లేరు. మా వారు కారు పక్కకి ఆపి, టోపీ తీసి చిన్న ప్రార్థన చేశారు. అవ్వ మోకాళ్ల నొప్పితో దిగలేదు. అద్దం దించి, ఆ కొండ వైపు చూస్తూ, ఒళ్లో మడిచి పెట్టుకున్న కాగితం మీద వేలు ఆనించి ఆ ఒక్క మాట మెల్లగా అంది. ఈసారి సరిగ్గా పలికింది. తర్వాత, ఎండ ముదురుతోంది, ఇంక పోదాం అంది.