నక్షత్రం లేని ప్రశ్నలు: ఒక ఎంపీ ఆఫీసులో నా అనుభవం

ఎంపీ ఆఫీసుకు వచ్చే అర్జీల్లో పార్లమెంటు పని అని చెప్పదగ్గవి తక్కువే. కుళాయి బిగించారు గానీ నీళ్లు రావు. పీహెచ్‌సీలో డాక్టర్ పోస్టు ఖాళీ. బడి దాకా వేస్తామన్న రోడ్డు సగంలో ఆగింది. నీటి సరఫరా, ప్రజారోగ్యం, రోడ్లు, స్థానిక పాలన ఇవన్నీ రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితా కింద ఉన్నాయి. ఎంపీ సభలో ప్రశ్న అడగగలిగేదేమో కేంద్ర మంత్రిని. ఎంపీకి పార్లమెంటు పనిలో సాయపడే లెజిస్లేటివ్ అసిస్టెంట్‌గా నా పనిలో ఎక్కువ భాగం ఈ రెండింటి మధ్య దారి వెతకడమే.

దారి దొరికేది కేంద్ర పథకాల దగ్గర. నీటికి జల్ జీవన్ మిషన్, వైద్యానికి జాతీయ ఆరోగ్య మిషన్, రోడ్డుకు గ్రామ సడక్ యోజన. కేంద్రం వాటా ఉన్నచోట కేంద్ర మంత్రి లెక్క చెప్పాలి. ఆ ముడి వేయకుండా పంపిన ప్రశ్న, ప్రధానంగా భారత ప్రభుత్వానికి సంబంధించిన విషయం కాదంటూ లోక్‌సభ సచివాలయంలోనే ఆగిపోతుంది.

ప్రశ్న వేయడం పైకి తేలిక. మంత్రిత్వ శాఖలను ఐదు గ్రూపులుగా విడగొట్టి, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొక గ్రూపుకు కేటాయిస్తారు. మనకు కావాల్సిన శాఖ ఏ రోజున వస్తుందో చూసుకుని, కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరి ప్రశ్న ముందు, ఎవరిది వెనుక అన్నది లాటరీలో తేలుతుంది. రోజుకు నక్షత్రం గుర్తు ఉన్నవి 20, లేనివి 230. నక్షత్రం ఉన్నవాటికి మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, వాటి మీద అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. లేనివాటికి రాతపూర్వక జవాబును సభ ముందు ఉంచుతారు, అంతటితో సరి.

అందరూ కోరుకునేది నక్షత్రమే. టీవీలో కనిపిస్తారు, క్లిప్ దొరుకుతుంది, నియోజకవర్గంలో చూపించుకోవచ్చు. మా ఎంపీ మేడమ్‌కూ మొదట్లో ఆ ఆశ ఉండేది. జాబితాలో నక్షత్రంతో మా ప్రశ్న కనిపించిన రోజు ఆఫీసంతా హడావిడి. తీరా చూస్తే మాది కింది వరసలో ఉంది. గంట సమయంలో ఇరవై ప్రశ్నలూ చర్చకు రావడం అరుదు, ఐదారు వస్తే గొప్ప. ఆ రోజు సభలో నినాదాలు కూడా మొదలయ్యాయి. మా ప్రశ్నకు జవాబు కాగితం మీదే వచ్చింది. అంటే నక్షత్రం ఉన్నా లేనట్టే.

అప్పటి నుంచి నా ఓటు నక్షత్రం లేనివాటికే. స్థానిక సేవల విషయంలో మంత్రి నోటి మాట కన్నా జవాబుకు జతచేసే పట్టిక విలువైనది. మంత్రి పేరుతో సభ ముందుకొచ్చిన అంకెను ఆ తర్వాత జిల్లాలో ఏ అధికారీ ‘మాకు తెలియదు’ అనలేడు. ఇలా అన్నందుకు తోటి అసిస్టెంట్లు కొందరు నన్ను ఆటపట్టించారు. సభలో నిలదీస్తే ప్రభుత్వాలే కదిలాయి అని వాళ్ల వాదన. నిజమే. 1957లో ఎల్ఐసీ పెట్టుబడుల మీద లోక్‌సభలో వచ్చిన ప్రశ్నలు, కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ నిలదీత కలిసి ఛాగ్లా విచారణ కమిషన్ దాకా వెళ్లాయి. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. కానీ అది ఒక పెద్ద ఒప్పందం గురించి. ఊళ్లో కుళాయి సంగతి అలాంటి నాటకీయతకు లొంగదు. మన దేశంలో చట్టసభలో మొట్టమొదట అడిగిన ప్రశ్న, 1893లో, ఎవరి గురించో తెలుసా? పర్యటనకు వచ్చే అధికారుల క్యాంపులకు సరుకులు సమకూర్చలేక ఇబ్బంది పడుతున్న పల్లెటూరి దుకాణదారుల గురించి. అనుబంధ ప్రశ్నలు అడిగే హక్కు అప్పటికి లేదు, అది 1909లో గానీ రాలేదు. ఆ లెక్కన మొదటి ప్రశ్న కూడా స్థానిక గోడే, అదీ జవాబు విని కూర్చోవాల్సిన ప్రశ్నే.

మా నీళ్ల ప్రశ్న సంగతికొస్తాను. జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న ప్రకటించిన పథకం. ప్రతి గ్రామీణ ఇంటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నది లక్ష్యం. మన రాష్ట్రాల్లాంటి చోట్ల ఖర్చు కేంద్రం, రాష్ట్రం చెరిసగం. మా జిల్లాలో కొన్ని మండలాల నుంచి ఒకే రకం అర్జీలు వచ్చాయి: కుళాయి ఉంది, చుక్క లేదు. మేడమ్ కోపంగా చెప్పింది రాసుకున్నాను. “గాలి వచ్చే కుళాయిలకు ఎన్ని కోట్లు తగలేశారో ప్రభుత్వం చెబుతుందా?”

వినడానికి బాగుంది, ప్రశ్నగా నిలబడదు. లోక్‌సభ నియమాల ప్రకారం ప్రశ్నలో వాదన, వ్యంగ్యం, ఆరోపణ ఉండకూడదు. అభిప్రాయం అడగకూడదు. 150 మాటలు దాటకూడదు. ఇంకో చిక్కు ఏమిటంటే, అందరికీ అందుబాటులో ఉన్న పత్రాల్లో దొరికే సమాచారం అడిగినా తిరస్కరిస్తారు. పథకం వెబ్‌సైట్లో జిల్లాలవారీగా ఎన్ని ఇళ్లకు కుళాయి ఇచ్చారో ఉంది. కాబట్టి ‘ఎన్ని కనెక్షన్లు ఇచ్చారు’ అని అడిగితే వెబ్‌సైట్ చూసుకోమనే అవకాశం ఉంది. అక్కడ లేనిది ఏమిటో చూసుకుని దాన్ని పట్టుకోవాలి. కనెక్షన్ ఇచ్చిన ఇళ్లలో ఎన్నింటికి నిర్దేశించిన పరిమాణంలో, క్రమం తప్పకుండా నీళ్లు అందుతున్నట్టు తనిఖీలో తేలింది అన్నది అలాంటి ప్రశ్న.

చివరికి నాలుగు భాగాలు చేశాను. (ఎ) గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో మా రాష్ట్రానికి ఏటా కేటాయించింది, విడుదల చేసింది, రాష్ట్రం వినియోగించింది ఎంత? (బి) పై కాలంలో రాష్ట్ర వాటా కింద ఎంత జమ అయింది? (సి) కుళాయిలు పనిచేస్తున్నాయా అన్న తనిఖీలో మా జిల్లాకు వచ్చిన ఫలితాలు ఏమిటి? (డి) పనులు పూర్తయినట్టు నమోదై, నీటి సరఫరా మొదలుకాని పథకాల సంఖ్య, కారణాలు ఏమిటి? మేడమ్ చదివి, “దీన్లో మంట లేదేమ్మా” అంది. మంట మనం పెట్టుకోవచ్చు మేడమ్, ముందు అంకె రానివ్వండి అన్నాను.

జవాబు వచ్చిన రోజు మధ్యాహ్నం లోక్‌సభ సైట్ తెరిచి చూస్తే, ‘(ఎ) నుంచి (డి) వరకు’ అని అన్నింటినీ ఒకే పేరాలో కలిపేశారు. శాఖలు ఇలా చేయడం మామూలే. నాలుగింటినీ కలిపేస్తే, ఏ భాగానికి జవాబు రాలేదో సభలో ఎవరికీ కనిపించదు. ముందు నీరు రాష్ట్ర జాబితాలోని అంశమని ఒక వాక్యం, ఆపై పథకం గొప్పతనం, చివర ఒక పట్టిక. నేను ఆ జవాబును ప్రింట్ తీసి, ప్రశ్నలోని ఒక్కో భాగానికీ పక్కన జవాబులోని వాక్యాన్ని గీత గీసి కలిపాను. (ఎ), (బి) వచ్చాయి. (సి) రాష్ట్ర స్థాయిలోనే ఇచ్చారు. (డి) మీద ఒక్క మాట లేదు.

అయినా ఆ పట్టికే ఎంతో పనికొచ్చింది. విడుదలకు, వినియోగానికి మధ్య తేడా ఏటా పెద్దగానే ఉంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ‘ఖర్చు’ అన్న మాట ఢిల్లీ నుంచి ఊరికి వచ్చేలోపు అర్థం మార్చుకుంటూ వస్తుంది. కేంద్రం లెక్కలో రాష్ట్రానికి పంపితే ఖర్చు. రాష్ట్రం లెక్కలో అమలు చేసే సంస్థ ఖాతాకు జమచేస్తే ఖర్చు. ఇంజనీరు లెక్కలో కాంట్రాక్టరు బిల్లు చెల్లిస్తే ఖర్చు. ఒకే కోటి రూపాయలను ముగ్గురూ ఖర్చయినట్టు చెప్పవచ్చు, ముగ్గురూ అబద్ధం చెప్పనట్టే. ఇంటావిడ చేతిలో బిందె మాత్రం ఖాళీ. అందుకే శాఖను డబ్బు గురించి అడిగేటప్పుడు ‘ఖర్చు’ అని వదిలేయకుండా విడుదల, జమ, చెల్లింపు అని విడివిడిగా అడగాలి. ఆ తర్వాత పంపిన ప్రశ్నలన్నింటిలో నేను ఇదే పాటించాను.

(డి)కి జవాబు దొరికింది జిల్లాలో. కేంద్ర పథకాలను సమీక్షించే ‘దిశ’ కమిటీకి ఎంపీ అధ్యక్షత వహిస్తారు, కలెక్టర్ సభ్య కార్యదర్శి. మూడు నెలలకొకసారి జరగాలి. ఎంత క్రమంగా జరుగుతుందన్నది ఎంపీ పట్టుదల మీద ఉంటుంది. దీనికి మంజూరు చేసే అధికారం లేదు, అందుకని చాలామంది దీన్ని టీ, బిస్కెట్ల మీటింగ్ అనుకుంటారు. కానీ ఆ హాల్లో శాఖాధిపతులంతా ఒకేచోట కూర్చుంటారు. అది మామూలుగా జరిగే పని కాదు.

ఎజెండా పుస్తకం ముందురోజు రాత్రి చేతికొచ్చింది. ఇటుకంత మందం. చదివే సమయం ఇవ్వకపోవడం కూడా ఒక పద్ధతేనని అప్పటికి నాకు తెలుసు. రాత్రి కూర్చుని గ్రామీణ నీటి సరఫరా పేజీలు మాత్రమే తీసి, పార్లమెంటు జవాబులోని పట్టిక పక్కన పెట్టాను. మేడమ్‌కు ఇచ్చింది ఒకే పేజీ. దానిపైన రాసిన వాక్యం: పూర్తయ్యాయన్న పథకాల పేర్లు చదివించండి.

నీటి సరఫరా ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) గారు శాతాలు చెప్పుకుంటూ పోతున్నారు. మేడమ్ ఆపి, పూర్తయిన పథకాల్లో ఫలానా ఊరిది చెప్పమంది.

“పూర్తయింది మేడమ్. ట్యాంకు, పైపులైను, కుళాయిలు అన్నీ అయ్యాయి.”

“నీళ్లు వస్తున్నాయా?”

“ఇంకా కమిషన్ చేయలేదు మేడమ్, అంటే సరఫరా మొదలుపెట్టలేదు.”

“ఎందుకని?”

“మోటారుకు కరెంటు కనెక్షన్ రావాలి మేడమ్.”

విద్యుత్ శాఖ ఇంజనీరు అదే వరసలో రెండు కుర్చీల అవతల ఉన్నారు. ఆయన లేచి, డిపాజిట్ కడితే వెంటనే ఇస్తామన్నారు. ఎస్ఈ గారు ఎస్టిమేట్‌లో ఆ మొత్తం ఉందన్నారు. మరి కట్టలేదేం అంటే, బిల్లులు పెండింగులో ఉన్నాయని, కాంట్రాక్టరు ఆ భాగం తర్వాత చూద్దామన్నాడని బయటపడింది. పూర్తయిందని రాసేసిన తర్వాత ‘తర్వాత’ అన్నది ఎప్పుడు వస్తుంది? అలాంటి పథకాలు ఇంకెన్ని అని కలెక్టర్ గారు అడిగారు. ఎస్ఈ గారు జాబితా పంపిస్తామన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. “మండలాల ఏఈలు, అసిస్టెంట్ ఇంజనీర్లు, వెనుక కూర్చున్నారు కదండీ, ఒక్కొక్కరినీ లేచి చెప్పమనండి.” పావుగంటలో జాబితా తయారైంది. పార్లమెంటు చెప్పని (డి) అదే.

ఆ రోజు మినిట్స్‌లో, అంటే మీటింగు నమోదు పత్రంలో, ఈ సంగతి ఎలా నమోదవుతుందోనని నాకు టెన్షన్. మీటింగులో అన్నది ఒకటి, మినిట్స్‌లో వచ్చేది ఒకటి కావడం చాలాసార్లు చూశాను. ‘త్వరితగతిన చర్యలు తీసుకోవాలని సభ్యులు కోరారు’ అని వచ్చిందంటే ఆ అంశం చచ్చినట్టే. అందుకే హాల్లోనే కలెక్టర్ ఆఫీసు సూపరింటెండెంట్ గారి పక్కన కూర్చుని, పథకం పేరు, బాధ్యుడైన అధికారి హోదా, గడువు తేదీ అని మూడు గడులు గీసి ఇచ్చాను. ఆయన నవ్వి, “మాకూ ఇదే తేలికండీ” అన్నారు. నిజానికి ఆ సాయం లేకపోతే నా పని నడిచేది కాదు. కింది ఉద్యోగుల్లో చాలామందికి లెక్క సరిగ్గా ఉండాలనే ఉంటుంది, అడిగేవాళ్లు ఉండాలి.

తర్వాతి పార్లమెంటు సమావేశాల్లో మళ్లీ ప్రశ్న వేశాం, ఈసారి జిల్లాలో తేలినదాన్ని ఆధారం చేసుకుని. పూర్తయినట్టు నమోదైన పథకానికి విద్యుత్ కనెక్షన్ ఉందో లేదో చూసే ఏర్పాటు పథకం ఆన్‌లైన్ వ్యవస్థలో ఉందా, లేకుంటే పెట్టే ప్రతిపాదన ఉందా అని. జవాబులో ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అని వచ్చింది. మామూలుగా ఇది చూసి నిరాశపడతారు. నాకు సంతోషం వేసింది, ఎందుకంటే అలాంటి మాట హామీ కిందికి వస్తుంది. హామీల కమిటీ దాన్ని లెక్కలో రాసుకుంటుంది, మంత్రిత్వ శాఖ మూడు నెలల్లో నెరవేర్చాలి, కుదరకపోతే గడువు పొడిగించమని కారణం చెప్పి అడగాలి. పొడిగింపులు అడుగుతూనే ఉంటారనుకోండి. అయినా ఆ ఫైలు మూసుకోదు.

జిల్లా జాబితాలోని పథకాల్లో కొన్నింటికి కరెంటు వచ్చింది, నీళ్లు వచ్చాయి. కొన్నింటి విషయంలో మోటారు తిరిగాక తెలిసింది, వేసవిలో బోరులో నీరే ఉండదని. అది వేరే విభాగం, వేరే పథకం. మంత్రిత్వ శాఖ మాత్రం అదే జల్ శక్తి, కాబట్టి గ్రూపు రోజూ అదే. భూగర్భ జలాల మీద నోటీసు ముసాయిదా మేడమ్ టేబుల్ మీద ఉంది. ఈసారి జిల్లా స్థాయి పట్టిక ఇవ్వకుండా తప్పించుకోలేని విధంగా (ఎ) ఎలా రాయాలన్న దగ్గర ఆగాం.