ఏడాదికో నెల సెలవు, తాతగారి పెంకుటిల్లు

దోహాకి మొన్న రాత్రి తిరిగొచ్చాను. వేళ్ల సందుల్లో సున్నం తిన్నచోట ఇంకా మండుతోంది, అయినా ఈసారి మనసు తేలిగ్గా ఉంది. తిత్లీ తుఫాను తర్వాత మొదటిసారి మా తాతగారి ఇంట్లో, నడిమింట్లో చాప వేసుకుని పడుకున్నాను, పైకి చూస్తే ఆకాశం కనబడలేదు.

ఇల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి మండలంలో. సోంపేట స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే కొబ్బరి తోటల మధ్యనుంచే దారి. మూడు గదులు, వెనక వంటిల్లు, ముందు అరుగు, మూరెడు మందం మట్టి గోడలు, పైన కుమ్మరి పెంకు. తాత పోయాక నానమ్మని నాన్న విశాఖ తీసుకెళ్లిపోయారు, ఇంటికి తాళం పడింది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో ఆ పక్కవాళ్లందరికీ తెలుసు. మా పెరట్లో చెట్టు ఒకటి వంటింటి మీదే పడింది. పెంకు సగం ఎగిరిపోతే నాన్న టార్పాలిన్ కట్టించి వచ్చారు. కట్టించిన టార్పాలిన్ ఎన్నాళ్లుంటుంది?

చుట్టాలంతా పడగొట్టి డాబా వేసెయ్ అన్నారు. వాళ్లని తప్పు పట్టను, తుఫాను చూసినవాళ్లకి స్లాబు మీద నమ్మకం ఉండటం సహజం. కానీ నాకు వేసవిలో ఆ ఇంట్లో మధ్యాహ్నం నిద్ర గుర్తుంది. ఫ్యాను లేకుండా పడుకునేవాళ్లం. ఇక్కడ ఎండలో పనిచేసి వచ్చి ఏసీ గదిలో పడుకున్నప్పుడల్లా ఆ చల్లదనమే గుర్తొస్తుంది, అందుకే బాగు చేయిద్దాం అనుకున్నాను.

నాకు ఏడాదికి ఒకటే నెల సెలవు. అందులో పెళ్లిళ్లు, పలకరింపులు, బ్యాంకు పనులు పోగా ఇంటికి మిగిలేది రెండు వారాలు. 2022లో వచ్చినప్పుడు ఆ రెండు వారాల్లో ఏదో ఒకటి అయిపోయినట్టు కనబడాలన్న తొందరలో పడమటి గది గోడలకి సిమెంటు పూత వేయించేశాను. నున్నగా, తెల్లగా వచ్చింది. ఫోటోలు తీసి అందరికీ పంపాను.

తర్వాతేడు తలుపు తీస్తే గదంతా తడి మట్టి వాసన. గోడ మీద చెయ్యి పెడితే లోపల డొల్లగా చప్పుడు. గోరు పెట్టి లాగితే పళ్లెమంత ముక్క ఊడి చేతిలోకి వచ్చింది, దాని వెనక రెండంగుళాల మట్టి అంటుకుని ఉంది. అంటే పూత ఒక్కటే ఊడలేదు, మా గోడని కూడా పట్టుకుని ఊడింది. తాతలనాటి గోడని ఏడాదిలో నేనే పాడు చేశానని ఆ పూట అన్నం కూడా సహించలేదు.

పక్క వీధిలో ఒక మేస్త్రీ తాత ఉన్నారు, ఇప్పుడు పనికి వెళ్లరు. ఆయన వచ్చి చూసి, గోడ అడుగున చెయ్యి పెట్టి, "సిమెంటుకీ మట్టికీ పడదు బాబూ. నేలలోంచి గోడకి సెమ్మ ఎక్కుతాది, అది బయటికి పోవాలి కదా. నువ్వు మూత ఎట్టీసినావు" అన్నారు. ముందు రోడ్డు చూడమన్నారు. నిజమే, సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేసుకుంటూ పోతే వీధి మా గుమ్మం కంటే ఎత్తయిపోయింది, వాననీళ్లన్నీ మా పునాది దగ్గరే నిలుస్తున్నాయి. గోడలకి మందు వేసే ముందు ఆ నీళ్లని తప్పించాలి. ఆ సెలవంతా గోడ చుట్టూ మూరెడు లోతు కాలువ తవ్వించి, కంకర పోయించి, పెరటి వైపుకి వాలు పెట్టించడంతోనే అయిపోయింది. ఫోటో తీయడానికి ఏమీ లేదు. కానీ ఇప్పటిదాకా చేసిన పనుల్లో అన్నిటికంటే విలువైనది అదే అని నా నమ్మకం.

వెళ్లే ముందు ఇంకొక్క పని చేశాం. పెరట్లో గొయ్యి తీసి, అడుగున ఇటుకలు పరిచి, రాతి సున్నం పోసి నీళ్లు పోశాం. కుతకుతా ఉడికింది, దగ్గరికెళ్తే మొహానికి సెగ కొట్టింది. (ఎవరైనా చేస్తే కళ్లకి అద్దాలు పెట్టుకోండి, చిట్లిన సున్నం కంట్లో పడితే చూపు పోతుంది.) చల్లారాక పైన జానెడు నీళ్లు నిలబెట్టి రేకు కప్పేశాం. నీళ్లకింద ఉన్నంతకాలం సున్నం గట్టిపడదు, ఎంత నానితే అంత మంచిదవుతుంది. గట్టిపడాలంటే దానికి గాలి తగలాలి. నేను ఊళ్లో లేని పదకొండు నెలలూ ఇంటికి నష్టమే అనుకునేవాణ్ణి. ఈ ఒక్క విషయంలో అవి కలిసొచ్చాయి. 2024 సంక్రాంతికి వచ్చి రేకు తీస్తే లోపల వెన్నలా ఉంది, పారతో తీస్తే జారిపోతోంది.

సంక్రాంతికే ఎందుకంటే, మా ఊరి మేస్త్రీలు ఊళ్లో ఉండరు. హైదరాబాద్‌లో, చెన్నైలో అపార్ట్‌మెంట్లు కడుతుంటారు, పండక్కి వస్తారు. కనుమ వెళ్లేదాకా తాపీ పట్టుకోరు, మళ్లీ వారం పది రోజుల్లో రైలెక్కేస్తారు. నేనూ సెలవు మీద వచ్చినవాణ్ణే, వాళ్లూ సెలవు మీద వచ్చినవాళ్లే. ఉన్న ఆ నాలుగు రోజుల్లో సొంత ఇంటి పని మానుకుని మా ఇంటికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లకి నేను ఎంత రుణపడ్డానో చెప్పలేను. సిమెంటంతా గీకేసి, మట్టిలో గడ్డి, ఊక కలిపి తొక్కి గోడ పూడ్చి, దాని మీద సున్నం పలచగా రెండు పూతలు వేశారు. ఎండకి తొందరగా ఆరితే బీటలు తీస్తుందని గోనె సంచులు తడిపి వేలాడదీశాం. గంటకోసారి నీళ్లు చల్లడం నా డ్యూటీ.

ఈ ఏడు పైకప్పు. పుచ్చిన వాసాలు మార్చాం, సముద్రపు గాలికి ఇనప మేకులు తినేస్తాయని స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేశాం. పెంకంతా దించి అరుగు మీద కూర్చుని ఒక్కోటీ వేలి కణుపుతో కొట్టి చూశాను. మంచిది ఖంగుమంటుంది, పగులున్నది మూగగా ఉంటుంది. చక్రం మీద గొట్టంలా తిప్పి రెండుగా చీల్చిన పెంకులవి, లోపలివైపు కుమ్మరి వేళ్ల గీతలు అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో నా వేళ్లు పెట్టి చూశాను, సరిగ్గా సరిపోయాయి. తక్కువపడినవి ఇప్పుడు చేసేవాళ్లు లేరు, పక్క ఊళ్లో ఇల్లు పడగొడుతున్నారంటే వెళ్లి కొనుక్కొచ్చాం.

మిగిలినవి వంటిల్లు, బావి. బావి నీళ్లు ఇప్పుడు ఊళ్లో తాగడానికి వాడటం లేదు. ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి అందరికీ తెలిసిందే, హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. అయినా గోడలు తడపడానికి, మొక్కలకి బావి కావాలి, పూడిక తీయిస్తాను.

తాళం మాత్రం ఇంక వేయలేదు. పక్కింటి పిన్నికి ఇచ్చి, పొద్దున్నే కిటికీలు తీసి సాయంత్రం వేయమన్నాను. గాలాడని ఇంటికి చెదలు పడుతుందని ఆవిడే ముందు అన్నారు. గొయ్యిలో మళ్లీ సున్నం పోసి వచ్చాను, వంటింటి కోసం. ఇవాళ పొద్దున ఆవిడ ఫోన్ చేశారు: "నీళ్లు బెత్తెడు దిగిపోనాయి నాయినా, నాలుగు బిందెలు పోసీసినాను. నువ్వేటీ టెన్షన్ పడకు."