తూకం మీద నలభై కిలోలు

బరంపురంలో నేను పనిచేసే ఆసుపత్రికి ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చే మన తెలుగువారిలో మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎక్కువ కాబట్టి, క్లినికల్ ఫార్మసిస్టుగా నా రోజులో సగం మోతాదులు సరిచూడటానికే సరిపోతుంది. కేస్ షీటు తెరవగానే ముందు చూసేది రోగి బరువు.

కిందటి నెల మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌తో చేరిన డెబ్బై ఏళ్ల పెద్దావిడ బరువును అంచనాగా 50 కిలోలని రాసి, రోజుకు 750 మిల్లీగ్రాముల అమికాసిన్ అనే యాంటీబయాటిక్ సూచించారు. మూత్రపిండాలు వడపోసి బయటికి పంపే వ్యర్థమైన క్రియాటినిన్ రక్తంలో 1.2 మాత్రమే ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. ఆవిడను చెయ్యి పట్టుకుని తూకం మీద నిలబెడితే ముల్లు 40 దగ్గర ఆగింది.

క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. కండ కరిగిపోయిన ఒంట్లో అది తయారయ్యేదే తక్కువ గనుక, మూత్రపిండాలు దెబ్బతిన్నా రిపోర్టులో అంకె మామూలుగానే కనిపించవచ్చు. మూత్రపిండాలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో అంచనా వేయడానికి 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ ఇచ్చిన సూత్రం ప్రకారం 140లోంచి వయసు తీసివేసి, బరువుతో హెచ్చించి, క్రియాటినిన్‌కు 72 రెట్లతో భాగించి, స్త్రీలకైతే మళ్లీ 0.85తో హెచ్చించాలి. ఆవిడకు నిమిషానికి సుమారు 28 మిల్లీలీటర్లు వచ్చింది. ఆ సూత్రానికి ఆధారమైన 249 మందిలో దాదాపు అందరూ పురుషులేనని, స్త్రీలకు ఆ 15 శాతం తగ్గింపు అంచనాగా పెట్టుకున్నదేనని గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

అమికాసిన్ దాదాపు పూర్తిగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. ఆరోగ్యవంతుల రక్తంలో రెండు మూడు గంటల్లో సగమయ్యే ఆ మందుకు ఈ స్థితిలో మూడు నాలుగింతల సమయం పడుతుంది. రోజూ ఇస్తూ పోతే మిగులు మీద మిగులు చేరి, మిగిలిన కాస్త మూత్రపిండాల శక్తినీ, వినికిడినీ దెబ్బతీయవచ్చు. పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు.

డాక్టరుగారితో మాట్లాడి, మొదటి మోతాదును కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 600 పూర్తిగానే ఇచ్చి, రెండోది 48 గంటల తర్వాత, అదీ రక్తంలో మందు ఎంత మిగిలిందో పరీక్షించాకే ఇవ్వాలని నిర్ణయించుకున్నాం.

మర్నాడు ఆవిడ కూతురు, "ఇవాళ సూది వెయ్యలేదేం బాబూ, మందు తగ్గించేశారా?" అని కంగారుగా అడిగింది. "మొదటిసారి ఎంత నింపాలో చెరువు పెద్దతనం చూసి తేల్చుకుంటామమ్మా. మళ్లీ ఎప్పుడు నింపాలో మాత్రం తూము చూసి తేల్చుకోవాలి. మీ అమ్మగారి తూము సన్నబడింది, పోసిన నీరు ఇంకా ఉంది" అన్నాను. వ్యవసాయం చేసే ఇల్లు కావడంతో ఆవిడ వెంటనే తలూపింది.

మూడో రోజు ఉదయం రక్తం తీయించి, రిపోర్టు వచ్చేదాకా మందు సీసాను ట్రేలోనే ఉంచమని నర్సుకు చెప్పాను.