ముందు కాళ్ళు కొనండి, గొట్టం తర్వాత

మా అపార్ట్‌మెంట్ డాబా మీద నిలబడితే ధ్రువ నక్షత్రం కనపడదు. పక్క బిల్డింగ్ వాళ్ళ నీళ్ళ ట్యాంకు సరిగ్గా అక్కడే ఉంది. ఈ సంగతి నాకు టెలిస్కోపు కొన్నాక తెలిసింది. అదీ రెండోది కొన్నాక.

మొదటిది 76 మిల్లీమీటర్ల అద్దం ఉన్న న్యూటోనియన్, అంటే వెలుగును కటకంతో కాక అద్దంతో పట్టే రకం. డబ్బా మీద శనిగ్రహం బొమ్మ, పక్కన ‘525 రెట్లు’ అని పెద్ద అక్షరాలు. అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో సుమారుగా దానికి రెట్టింపు వరకే ఏ టెలిస్కోపైనా పనికొచ్చేలా పెద్దది చేసి చూపిస్తుందని అప్పటికి నాకు తెలీదు. ఆ లెక్కన దీనికి 150 రెట్లు. ఆ పైన వచ్చేదంతా మసకే.

సరే, కంటికి చందమామ బాగానే కనిపించింది. నా పాత కెనాన్ 1300డీ బిగించాక మొదలైంది అసలు కథ. ఫోకస్ చక్రం తిప్పుతూ పోయాను. గొట్టం లోపలికంటా వెళ్ళి టక్కున ఆగిపోయింది, చందమామ మాత్రం ఇంకా పొంగిన పూరీలాగే ఉంది. చూడ్డానికే చేసిన చాలా న్యూటోనియన్లలో బొమ్మ ఏర్పడే చోటు గొట్టానికి మరీ దగ్గరగా ఉంటుంది. కెమెరా సెన్సరేమో అడాప్టరుతో కలిపి 55 మిల్లీమీటర్లు వెనక కూర్చుంటుంది. సెన్సర్ అంత ముందుకు వెళ్ళలేదు. మధ్యలో బార్లో లెన్సు, అంటే బొమ్మను రెట్టింపు చేసే కటకం, పెడితే ఫోకస్ అయితే కుదిరింది. కానీ బొమ్మతో పాటు ఊపు కూడా రెట్టింపైంది. ఎవరైనా బట్టలు తీసుకెళ్ళడానికి డాబా మీదికి వస్తే చాలు, వాళ్ళ అడుగడుక్కీ చందమామ గంతేసేది.

అందుకే ‘ఫొటోలకి ఏ టెలిస్కోపు కొనమంటారు’ అని అడిగినవాళ్ళకి నేను గొట్టం పేరు చెప్పను. మౌంటు, అంటే దాన్ని మోసి తిప్పే కాళ్ళూ ఇరుసూ, ఏదని అడుగుతాను. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. చూడ్డానికి నింపాదిగా ఉంటుంది గానీ, 420 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) వెనక నా కెమెరా పెడితే, గొల్లకావడి చుక్కలు సెన్సర్ మీద సెకనుకి ఏడు పిక్సెళ్ళు జరిగిపోతాయి. పది సెకన్లు తెరిచి ఉంచితే చుక్క కాస్తా గీత అవుతుంది. కాబట్టి భూమి తిరిగే వేగానికి సరిగ్గా ఎదురు తిప్పే ఈక్వటోరియల్ మౌంటు కావాలి. వంద రూపాయలుంటే అరవై దానికే పెట్టమంటాను.

ఇదేం కొత్త తెలివి కాదు. మన బేగంపేటలోనే నిజామియా అబ్జర్వేటరీ వాళ్ళు 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో, అంటే ఫొటోల కోసమే చేసిన టెలిస్కోపుతో, గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసి, 1917 నుంచి 1946 దాకా 12 సంపుటాల నక్షత్ర పట్టికలు అచ్చేశారు. ఆ పలకల మీద చుక్క చుక్కగా నిలిచిందంటే, టెలిస్కోపు ఆకాశంతో పాటు అంత ఒద్దికగా తిరగబట్టే. నేనేమో డబ్బా మీద బొమ్మ చూసి కొన్నాను.

డాబ్సోనియన్, అదే చేత్తో తిప్పుకునే పెట్టె మీద కూర్చునే న్యూటోనియన్, దాని సంగతేమిటని అడుగుతారు. చూడ్డానికి దాన్ని మించింది లేదు, 8 అంగుళాలది దొరికితే వదలొద్దు. చందమామ ఫొటోకీ చాలు, సెకనులో వందో వంతు తెరిస్తే అయిపోతుంది. ఎక్కువసేపు తెరిచి ఉంచాల్సిన నెబ్యులాలకి, అంటే చుక్కల మధ్య ధూళి మేఘాలకి, మాత్రం కుదరదు. సీస్టార్ లాంటి రెడీమేడ్ బుల్లి టెలిస్కోపులు అన్ని పనులూ వాటంతటవే చేసుకుంటాయి. మా బావమరిది దాన్ని బాల్కనీలో పెట్టి, లోపల కూర్చుని క్రికెట్ చూస్తాడు. నాకు కాస్త కుళ్ళుగానే ఉంటుంది.

నేను చివరికి స్కైవాచర్ స్టార్ అడ్వెంచరర్ ట్రాకర్, అంటే బుల్లి ఈక్వటోరియల్ మౌంటు, కొని, దాని మీద 72 మిల్లీమీటర్ల ఈడీ రిఫ్రాక్టర్, అంటే ప్రత్యేకమైన గాజు కటకంతో పనిచేసే టెలిస్కోపు, పెట్టుకున్నాను. ట్రాకర్ ఐదు కిలోలు మోస్తుందని రాసి ఉంటుంది. ఫొటోలకి అందులో సగం, మహా అయితే అరవై శాతం దాటొద్దు. కెమెరాతో కలిపి నాది మూడు కిలోల దగ్గర, అంటే ఆ గీత మీదే ఉంది. ‘ఈడీ’ అన్న రెండక్షరాల కోసం ఎక్కువ డబ్బులు పెట్టడం దండగ కాదు. మామూలు గాజు కటకమైతే ప్రకాశమైన ప్రతి చుక్క చుట్టూ ఊదారంగు పులుముకుంటుంది. దీని 420 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్‌కి నా కెమెరాలో దాదాపు మూడు డిగ్రీల వెడల్పు పడుతుంది. ఆండ్రొమెడా గెలాక్సీ చివర్లు ఆ అంచుకి ఆనతాయి. చందమామ మాత్రం శనగగింజంత కూడా రాదు, నాలుగు మిల్లీమీటర్ల లోపే.

ఇక ఆ ట్యాంకు. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున ఉంటుందంటే, మీ ఊరి అక్షాంశమంత. హైదరాబాదులో 17 డిగ్రీల పైచిలుకు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే పది డిగ్రీలు అనుకోండి, రెండు పిడికిళ్ళు కూడా లేదు. భూమి ఇరుసు చూసేది అటే కాబట్టి, మౌంటు ఇరుసును అటు గురి పెట్టకపోతే మిగతా ఖర్చంతా వృథా. కొనేముందు మీ డాబా ఎక్కి ఉత్తరం వైపు ఒకసారి చూసిరండి.

డిసెంబరులో అమావాస్య చూసుకుని కల్వకుర్తి దగ్గర మా ఊరికి వెళ్ళాను. కళ్ళంలో ట్రైపాడ్ పెట్టాను. వేపచెట్టు పక్కన ధ్రువ నక్షత్రం, అంత కిందకి ఉన్నా, కనపడింది. కృత్తికల వైపు తిప్పి ముప్పై సెకన్లవి వంద తీశాను. డెబ్భై పనికొచ్చాయి. మర్నాడు లాప్‌టాప్‌లో సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌తో, అది ఉచితమే, వాటిని ఒకదాని మీద ఒకటి పేరిస్తే చుక్కల చుట్టూ నీలంగా పొగలాంటిది తేలింది. ఆ చుక్కల వెలుగు పడి మెరిసే ధూళి అది. అమ్మకి చూపించాను.

“ఇది పిల్లలకోడే గదరా. ఇన్ని పిల్లలైతే కోడేది మరి?” అంది.

ఆ రాత్రి జరిగిన ఇంకో సంగతి ఆమెకి గుర్తుచేయలేదు. ఒంటిగంట దాటాక కెమెరా తెర మీద చుక్కలు ఒక్కొక్కటే మాయమవుతుంటే మబ్బు పట్టిందనుకున్నాను. తలెత్తి చూస్తే ఆకాశం తేటగా ఉంది. టార్చి వేస్తే తెలిసింది, కటకం నిండా మంచు. నేను బ్యాగులో బ్లోయరు వెతుక్కునేలోపు, టీ తెచ్చిన అమ్మ “ఉండు” అంటూ కొంగు తడిపి మరీ తుడవబోయింది. నా అరుపుకి కళ్ళంలో పడుకున్న కుక్క లేచి పరిగెత్తింది.