పిన్ని అడిగిన ప్రశ్న

సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడల్లా మా పిన్ని అడిగేది ఒకటే: "ఇంకా ఎలుకలకే సేవ చేస్తున్నావా?" బ్రాడీపేటలోని వాళ్ల వంటింట్లో బియ్యం డబ్బా మూత మీద రాయి పెట్టేది ఎలుకల భయంతోనే. మా ప్రయోగశాలలో మాత్రం ఎలుకే మహారాణి. గాలిని వడపోసి, మేతను, నీటిని క్రిమిరహితం చేసి ఇస్తాం.

చికిత్స కోసం మూలకణాల (ఇతర రకాల కణాలుగా మారగల కణాల) నుంచి తయారుచేసిన మనిషి కణాలు సురక్షితమో కాదో ఈ ఎలుకల్లో పరీక్షిస్తాం. ఇవి ఎన్‌ఎస్‌జీ అనే ప్రత్యేక రకం. శరీరాన్ని కాపాడే రోగనిరోధక కణాలైన టి, బి కణాలు, సహజ హంతక కణాలు వీటిలో పనిచేసే స్థితిలో ఉండవు. మామూలు ఎలుకలోకి మనిషి కణాలు ఎక్కిస్తే దాని శరీరం వాటిని చంపేస్తుంది. ప్రమాదం బయటపడేలోపే ఆధారం మాయం! ఈ ఎలుకలో అవి బతుకుతాయి. అలా తయారుచేసిన కణాల్లో, మార్పు చెందని మూలకణాలు కొన్ని మిగిలిపోయినా టెరటోమా అనే కణితి రావచ్చు. అందుకే నెలల తరబడి చూస్తాం.

"కణితి రాకపోతే మనిషికీ రానట్టేనా?" అంది పిన్ని. ఇంత సూటిగా మా సమావేశాల్లో కూడా ఎవరూ అడగరు. కాదన్నాను. పైగా, మనిషి శరీరం ఆ కణాలపై ఎలా తిరగబడుతుందో రోగనిరోధక శక్తి దాదాపు లేని ఎలుకను చూస్తే తెలియదు.

"అయితే సగం పరీక్షేగా" అంటూ గోంగూర ఆకులు తుంచుకోవడంలో పడింది.