పొదుగులో కాపలా

శంషాబాద్ దాటాక ఉన్న ఒక పల్లెలో మా మేనమామ నలభై దక్కనీ గొర్రెల మందను సాకుతున్నారు. మన వైపు గొర్రె పాలు పిండి అమ్మడం లేదు కనుక పాలన్నీ పిల్లలకే చెందుతాయి. గత శీతకాలంలో నేను వెళ్లినప్పుడు ఒక గొర్రెకు పుట్టిన రెండు పిల్లలూ ఒకే చన్ను కోసం కొట్లాడుతుండగా, రెండో వైపు పొదుగు గట్టిపడి వేడిగా ఉంది. గొర్రె పొదుగులో రెండే అరలుంటాయి, ఒక అరలోని పాలు రెండో దానిలోకి పోవు. అందువల్ల ఒకటి చెడినా రెండోది కొంతకాలం ఆదుకుంటుంది. ఆ వాపు చల్లబడి పొదుగు నీలినలుపుకు తిరిగితే మాత్రం గొర్రె ప్రాణానికే ముప్పు.

రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివిన నాకు ఈ పొదుగువాపు వ్యాధిపై ఆసక్తి కలగడానికి కారణం, పొదుగు రక్షణ వ్యవస్థ పాలలోనే పోరాడవలసి రావడం. తొలి అడ్డుగోడ చనుమొన రంధ్రం. దాని చుట్టూ ఉన్న కండరం బిగుసుకొని దారిని మూస్తే, లోపలి గోడకు అంటుకున్న కెరాటిన్ (గోళ్లలో, కొమ్ముల్లో ఉండే ప్రొటీన్) పొర సూక్ష్మజీవులను పట్టి ఉంచుతుంది. పాలు తీసిన వెంటనే ఆ రంధ్రం పూర్తిగా మూసుకోదు కనుక, పాడి మందల యజమానులు అప్పుడే మేత వేసి పశువులను నేల మీద పడుకోకుండా నిలబెడతారు.

ఆ గోడ దాటి స్టాఫిలోకాకస్ వంటి బాక్టీరియా లోపలికి చేరితే, పొదుగు లోపలి కణాలు టీఎల్ఆర్2, టీఎల్ఆర్4 అనే గ్రాహకాలతో వాటిని గుర్తించి రక్తానికి కబురు పంపుతాయి. ఆరోగ్యంగా ఉన్న గొర్రె పాలలో సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాలు ఎక్కువగా ఉంటాయి. కబురు అందాక న్యూట్రోఫిల్‌లు అనే మరో రకం తెల్లకణాలు రక్తం నుంచి గుంపులుగా వచ్చి చేరతాయి. వాటి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అవి కనబడిన కొవ్వు బొట్లనూ, కేసిన్ అనే పాల ప్రొటీన్ రేణువులనూ కూడా మింగేస్తాయి, దానితో బాక్టీరియాను చంపే సత్తువ తగ్గుతుంది. పెళ్లి భోజనానికి కూర్చున్న కావలివాడి లాంటి పరిస్థితి ఇది. ఆవు పాలలో కొవ్వు నాలుగు శాతం దరిదాపుల్లో ఉంటే, గొర్రె పాలలో ఆరేడు శాతం ఉంటుంది కనుక ఈ కావలివాడి ముందున్న విస్తరి మరీ పెద్దది. ఇనుమును పట్టుకొని బాక్టీరియాకు అందకుండా చేసే లాక్టోఫెరిన్ అనే ప్రొటీన్ కూడా పాలు బాగా వచ్చే రోజుల్లో పలచబడి, పాలు ఎండిపోయే దశలో పెరుగుతుంది.

పాలలోని ఈ కణాల లెక్కే వ్యాధిని పసిగట్టే సాధనం. ఐరోపాలో ఆవు పాలకు మిల్లీలీటరుకు 4 లక్షల కణాల పరిమితి ఉన్నా, గొర్రె పాలకు అలాంటి చట్టపరమైన హద్దు లేదు. అయినా రోక్ఫోర్ జున్నుకు పాలిచ్చే ఫ్రాన్స్‌లోని లాకోన్ జాతిలో ఈ లెక్క తక్కువగా ఉండే వంశాలను ఎంచుకొని పెంచుతున్నారు. ఆ గొర్రెల్లోనే 2015లో పరిశోధకులు ఒక విచిత్రాన్ని బయటపెట్టారు. ఎస్ఓసీఎస్2 అనే జన్యువు ఎదుగుదల హార్మోన్ సంకేతానికీ, వాపు సంకేతాలకూ కళ్లెం వేస్తుంది. ఆ జన్యువు డీఎన్ఏ రాతలో ఒక్క అక్షరం మారిన గొర్రెలు పెద్దవిగా, బరువుగా పెరుగుతాయి, కొంత ఎక్కువ పాలిస్తాయి, కానీ పొదుగు వాపుకు సులువుగా లొంగుతాయి. దృఢంగా కనబడే పశువే లోలోపల బలహీనంగా ఉండవచ్చునన్న ఈ సంగతి నన్ను చాలా రోజులు వెంటాడింది.

దక్కనీ గొర్రెల్లో ఆ మార్పు ఉందని నేను అనడం లేదు. కానీ మొన్న మామ మందకు కొత్త పొట్టేలును కొన్నప్పుడు, దాని ఎత్తు, ఛాతీ వెడల్పు, కొమ్ముల వంపు అన్నీ వివరంగా చెప్పారు. "దీని తల్లి పొదుగు ఎట్లుండె మామా?" అని అడిగితే, పొట్టేలుకు పొదుగుతో ఏం పని అని నవ్వి, మందను తోలుకొని వెళ్లిపోయారు.